నిదానం గిన్నె

మా కుక్కకి నిదానం అని పేరు పెట్టింది
వెటకారానికే.
బాలరాట్ పందేల్లో పరిగెత్తి పరిగెత్తి
రిటైరైన గ్రేహౌండ్.
చెవి లోపల పచ్చబొట్టు అంకెలు,
పక్కటెముకలు వేళ్ళతో లెక్కపెట్టొచ్చు.
మొదటి సాయంత్రం మైక్రోవేవ్‌లో పప్పు తిరుగుతోంది,
దాని అంకెలు చూసి చెబుతున్నా:
గిన్నెడు తిండి, పదకొండు సెకన్లు.

పన్నెండో సెకనులో జీలకర్ర గిన్నె మీద పడింది.
జీలకర్ర మా పిల్లి. రంగు వల్ల వచ్చిన పేరు.
అద్దె మేం కడతాం గానీ ఇల్లు దానిదే.
వీపు విల్లయింది.
కిరీటి "ఏయ్!" అని అరిచాడు, నేను వాడి మీద అరిచాను,
గరిటె కింద పడి అదీ అరిచింది.
తేరుకునేసరికి
కుక్క ముక్కు మీద ఎర్రటి గీత,
నేలంతా చేపవాసన గింజలు.
ఫ్రిజ్ ఎక్కిన పిల్లి మర్నాటి దాకా దిగలేదు.

పశువుల క్లినిక్‌లో నర్సు లోరెయిన్
ముక్కుకి మందు రాస్తూ అంది:
"ఆకలి కాదమ్మా ఇది.
పక్కవాళ్ళు లాక్కుంటారని బెంగ.
పిల్లికి పైన పెట్టు, కుక్కకి కింద, మధ్యలో తలుపు.
రోజూ అదే వేళకి. ముందు మీరిద్దరూ గొంతు తగ్గించండి."
బిల్లు చేతికిస్తూ ఊరికే అడిగింది:
"మరి నువ్వెలా తింటావు?"

నేనా?
సింకు దగ్గర నిలబడి, షూ లేసు ఒకటి కట్టుకుని.

గన్నవరం రోడ్డు మీద ఇంటర్ హాస్టల్,
మెస్సుకి పన్నెండు నిమిషాలు, తర్వాత బెల్లు.
ఎడమచెయ్యి కంచం చుట్టూ కంచె.
గుడ్డున్న రోజు ముందు గుడ్డే మింగేదాన్ని,
పక్కమ్మాయి చూపు పడకముందే.
ఇరవై ఏళ్ళయింది.
ఆ బెల్లు నా గొంతులోనే ఎక్కడో ఉండిపోయింది.

నిదానం ప్రతి ముద్దకీ ఒకసారి
భుజం మీదుగా వెనక్కి చూస్తుంది.
ఆ చూపు నాకు తెలుసు.

జూలై. పెరట్లో గడ్డి మీద మంచు గరగరలాడుతోంది.
సాయంత్రం ఆరు.
లాండ్రీ గదిలో అరమీద జీలకర్ర,
వంటింట్లో నిదానం.
దానికి కొత్త గిన్నె కొన్నాం, లోపలన్నీ గోడలూ సందులూ,
పద్మవ్యూహమే.
నాలుక అభిమన్యుడిలా దూరుతుంది,
బయటికి రావడానికి తంటాలు పడుతుంది.
పదకొండు సెకన్లు మూడు నిమిషాలయ్యాయి.
తలుపు మొదట మూసి, తర్వాత బెత్తెడు తెరిచి,
ఆ తర్వాత జానెడు.

అన్నీ సవ్యంగా సాగాయని కాదు.
ఒకరాత్రి ఉరిమింది, మళ్ళీ పదకొండు సెకన్లు.
తిన్నదంతా కార్పెట్ మీద.
కిరీటి నోరు తెరిచాడు, మూసుకున్నాడు,
గుడ్డ తెచ్చి తుడిచాడు.
ఆ రాత్రి వాడి మీద నాకు మళ్ళీ ప్రేమ పుట్టింది,
చెప్పలేదనుకోండి.

మర్నాడు నేనూ నేలమీద కూర్చున్నాను,
కుక్కకి కాస్త ఎడంగా, దాని గిన్నె వైపు చూడకుండా.
సొరకాయ కూర, అన్నం.
చేత్తో కలిపాను, వేడి తగిలింది వేళ్ళకి.
కూరలో ఉప్పు తక్కువైంది.
ఇంతకుముందూ తక్కువేనేమో, నాకెప్పుడు తెలిసింది గనక.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, అంటాం,
దొంగల గురించి.
ఈవేళ తలుపు బార్లా తెరిచే ఉంది.
అరమీద జీలకర్ర
కళ్ళు మూసుకుని నములుతోంది.
దాని కింద నించున్న నిదానం, గిన్నె ఖాళీ అయినా,
పైకి చూడలేదు.
వెనక్కీ చూడలేదు.

నేను ఇంకో ముద్ద కలుపుకున్నాను.