ప్లవ

ఎగ్మూరు ఆఫీసులో ఫ్యాన్ ఆపేసి
కాగితం మడత విప్పుతాను.
నల్లటి సిరాలో తెల్లగా తేలిన అక్షరాలు.
గవ్వలదిబ్బ కోట, తూర్పు గుమ్మం రాయి.
రాయి ఇప్పుడు లేదు.
దీవికి కొత్త రేవు కట్టినప్పుడు
పునాదిలోకి, నీళ్ళ కిందికి పోయిందట.

"స్వస్తిశ్రీ శాలివాహన శకవర్షంబులు"
ఆ తర్వాత అంకెలుండాల్సిన చోట జానెడు నలుపు.
"అగునేటి ప్లవ సంవత్సర శ్రావణ బహుళ పంచమి..."

ప్లవ అంటే తెప్ప.
అరవై ఏళ్ళకోసారి
అదే పేరుతో ఒడ్డుకొస్తుంది.
ఇది ఏ రాక?
పదిహేనువందల నలభై ఒకటా, పదహారువందల ఒకటా,
ఇంకో అరవై కలుపుకోవాలా?

గోడ సున్నంలో దొరికిన గుల్లని ల్యాబుకి పంపాం.
నాలుగువందల ఏళ్ళు ఎక్కువ చెప్పింది.
సముద్రంలో పుట్టినవి అంతే,
పాత నీటి వయసుని తమ వయసులో కలిపేసుకుంటాయి.
బట్టీ బొగ్గు చెట్టు వయసు చెప్పింది, గోడది కాదు.
తలకట్లు చూశాను, కొన్ని విడిగా, కొన్ని అతుక్కుని.
చెక్కినవాడు ముసలివాడైతే
చిన్నప్పుడు దిద్దిన అక్షరాలే దిద్ది ఉంటాడు.

అసలు ఈ నకలుకే తేదీ లేదు.
అడయారు పొంగిన ఏడు గోదాములో చీటీలన్నీ ఊడిపోయాయి.
మూలన ఒక బొటనవేలి ముద్ర మాత్రం ఉంది.

వ్యాసర్పాడిలో, వాన వెలిశాక,
ఏళుమలై మేస్త్రి కళ్ళజోడు తుడుచుకున్నాడు.
"చదవడం రాదమ్మా నాకు. తట్టడం వచ్చు."
ముద్ర పక్కన తన వేలు ఆనించాడు.
వేలి మీద అడ్డంగా గాటు. ముద్రలో లేదు.
"తాడు కోసింది మా పొన్ని పుట్టిన వారం.
ఇది అంతకు ముందుదే."

తర్వాత కాగితం తిరగేసి
ఆ జానెడు నలుపు వెనక వేళ్ళు నడిపాడు,
నిద్రపోయే పిల్ల వీపు నిమిరినట్టు.
"పెచ్చు ఊడితే అంచు పలచగా ఉంటుంది.
ఇక్కడ ఉలి దిగింది. ఎవరో కావాలనే తీసేశారు."

సంవత్సరాన్ని చెక్కేసి తెప్పని వదిలేసిందెవరు?
బస్సులో పెరంబూరు దాటేదాకా అదే ఆలోచన.

రిజిస్టరులో కోట కాలం గడి
ఖాళీగా వదిలేశాను.
నకలు కాలం గడిలో రాశాను:
పొన్ని పుట్టకముందు.
రేపు మా అధికారి ఎర్రసిరాతో కొట్టేస్తాడు.
కొట్టేయనీ,
కింద పేజీలో దిగేట్టు నొక్కి రాశాను.