ఇతరులు

ఓడలరేవు దాటాక, వైనతేయ ఉప్పులో కలిసే చోట
సరుగుడు తోపుకి తొమ్మిదేళ్ళుగా నేను కాపలా.
హోంగార్డుని. లాఠీ స్టేషన్‌ది, టార్చిలైటు నాది.
బ్యాటరీలకి డబ్బులు ఎవరూ ఇవ్వరండి.

తోపుకో మర్యాద ఉంది.
బాట మొదట్లో ఒంటి చెప్పు బోర్లా పడి ఉంటే
లోపల మనుషులున్నట్టు.
వెనకొచ్చినవాళ్ళు ఓసారి దగ్గి
గట్టు మీదే బీడీ కాల్చుకుని ఇంకో బాట పడతారు.
పొద్దున్నే రొయ్యల షెడ్డు దగ్గర ఎదురైతే
"టీ అయిందాండీ?" అంతే.

కొందరు కోరి వస్తారు.
అమలాపురం నించి కారులో ఓ జంట,
ఇంట్లో ఏసీ గదుందట. అయినా
ఆకాశం కిందైతేనే ఒళ్ళు తనదనిపిస్తుందని
ఆవిడే చెప్పింది, నేనడక్కుండానే.
మూలపడ్డ పంటు చాటుకి ఇద్దరు మగాళ్ళు,
నలభై దాటినవాళ్ళు, వేర్వేరుగా వచ్చి వేర్వేరుగా పోతారు.
లాడ్జీలో ఆధారు కార్డు చూపిస్తే
కౌంటరు కుర్రాడి నోరు ఊరంతా తిరిగొస్తుంది.

దీవెన, సంసోనులది వరద కాలనీ.
ఒక్క గది, ఏడుగురు, ఒక ఫ్యాను.
నా టార్చి పడ్డ రాత్రి
ఆమె చీర కోసం తడుముకోలేదు.
మెళ్ళో తాళి పైకి తీసి చూపించింది,
బస్సులో పాసు చూపించినట్టు.

తాళితో సెక్షనుకి పని లేదన్నాడు ఎస్సై.
చట్టం పెళ్ళయిందా అని అడగదు.
నలుగురు తిరిగే చోటు, అసభ్యమైన పని, ఇతరులకి చిరాకు,
ఈ మూడూ కుదిరితే మూడు నెలలదాకా.
నిన్నమొన్నటిదాకా రెండువందల తొంభై నాలుగు,
ఇప్పుడు తొంభై ఆరు.
నంబరు మారింది, ఇసక అదే.

రైటరు పెన్ను ఎత్తి పట్టుకుని అడిగాడు:
"ఇతరులెవరో?"

పీతలని రాయలేం కదా.
నేనేనండి.
బూట్లు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా
కిలోమీటరు ఇసకలో నడిచి, వెతికి వెతికి
చిరాకు పడ్డవాణ్ణి.
పడ్డానా?
మా ఇంట్లో దుప్పటి తెర, అవతల మా అమ్మ దగ్గు,
నా నోటి మీద మా ఆవిడ అరచెయ్యి
గుర్తొచ్చాయి. అది చిరాకు కిందకి వస్తుందో రాదో.

కేసు రాయలేదు. అయిదువందలు తీసుకున్నారు, రసీదు లేదు.
నా వాటా యాభై.
బ్యాటరీలు కొన్నాను.

మొన్న వేసవిలో ముగ్గురు కుర్రాళ్ళు
దగ్గకుండా వెళ్ళారు.
సెల్లులో నలభై సెకన్లు, నోట్లో ఇరవై వేల మాట.
రొయ్యల తలలు తీసే నూకరత్నం
మూడు పూటలు స్టేషను మెట్ల దాకా వచ్చింది.
ఫిర్యాదు రాయాలంటే
ముందు తనెక్కడుందో రాయాలి.
"అలాగైతే మొదటి కేసు నీ మీదే" అన్నాడు రైటరు, మంచిగానే.
కాగితం గ్లవుసుల సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయింది.
ఒరిస్సా వైపు ఏదో షెడ్డులో ఉందంటారు.
ఆ కుర్రాళ్ళకి చిరాకేం కలగలేదు,
అంచేత వాళ్ళు ఇతరుల్లోకి రారు.

తుపానుకి సగం చెట్లు ఒరిగాయి.
మిగిలిన సగానికి రిసార్టువాళ్ళు తాళ్ళు కట్టి కొలుస్తున్నారు.
ఈ మధ్య బాట మొదట్లో నేనే దగ్గుతున్నాను,
లేని జలుబుకి.

నిన్న రాత్రి క్యారేజీ తెచ్చిన మా ఆవిడ
బోర్లా పడ్డ చెప్పు చూసి
"ఎవరిదో పారేసుకున్నారు, పాపం" అని వంగబోయింది.
ముట్టుకోవద్దన్నాను. ఎందుకో చెప్పాను.
ఆమె నవ్వలేదు, ఛీ అనలేదు.
తోపు వంక చూసింది,
తర్వాత తన కాలి వంక.