చుక్క కూడా పడదు

కాలువలు కట్టేసిన నెల.
నరసాపురం కాలువ అడుగున బురద బీటలిచ్చి
పిల్లలు మట్టగిడసల కోసం మోచేతుల దాకా దూర్చే ఎండ.
లేసు సొసైటీ గదిలో మా కంప్యూటరు
మూడు రోజులుగా నీలం తెరేసుకుని
పలక్కుండా కూచుంది.

భీమవరం తీసుకెళ్తే ఒకాయన మూత విప్పకుండానే
"కొత్తది కొనెయ్యండి మేడమ్" అన్నాడు.
నూట నలభై మంది కూలి పద్దు అందులో ఉంది.
మార్చిలో సువార్తమ్మ ఇచ్చిన
పన్నెండు టేబుల్ క్లాత్‌లు అందులో ఉన్నాయి.

రొయ్యల మేత కొట్టు కట్టేసి ఐజాక్ వచ్చాడు,
తాళాల గుత్తికి పెన్‌డ్రైవ్ వేలాడుతూ,
చొక్కా నిండా మేత వాసనతో.
"ముందు పద్దులు బయటికి తీద్దామండీ. తుడవడం తర్వాత."
వరద కబురు విని బస్తాలు అటకెక్కించినట్టు
ఒక్కో ఫైలూ ఎక్కించాం.

పేరడిగితే లినక్స్ అన్నాడు.
ధరడిగితే నవ్వాడు.
ఊరికే వచ్చేదాన్ని అనుమానించడం
దళారులు నాకు చెప్పిన చదువు.
"లోపల మెలిక ఏముంది?" అన్నాను.
"మెలికలన్నీ బయటే ఉంటాయండి, చూసుకోవచ్చు."

డిస్కు వాటాలు వేయమంది తెర.
అరెకరం కొబ్బరితోట పంచుకున్న రోజు
మా బాబాయి చేతిలో గొలుసు వణకడం చూశాను.
ఇక్కడ ఒక గీతని పక్కకి జరపడమే.
పాతదంతా చెరిగిపోతుంది, సమ్మతమేనా?
ఐజాక్ నావైపు చూశాడు.
మౌస్ నా చేతికిచ్చాడు.

అరవై మూడు శాతం దగ్గర కరెంటు పోయింది.
యూపీఎస్ కోడిపిల్లలా అరుస్తుంటే
పక్క ఐసు ఫ్యాక్టరీ జనరేటరు నుంచి
వైరు లాక్కొచ్చాడు.
ఆ కాసేపూ ఎవరం మాట్లాడలేదు.
సువార్తమ్మ మాత్రం
గుమ్మం వెలుతుర్లో అల్లుతూనే ఉంది.

తర్వాత నల్ల తెర ఒకటి తెరిచి
పాస్‌వర్డ్ కొట్టమన్నాడు.
కొట్టాను. ఏమీ పడలేదు.
మళ్ళీ కొట్టాను. చుక్క కూడా పడలేదు.
"పడుతోందండీ. కనపడదంతే."
ఎవరి గురించో చెబుతున్నట్టు వినపడింది నాకు.
గుమ్మం వైపు చూడకుండా
ఎంటర్ నొక్కాను.

"ఎవరు చేశార్రా ఇది?" అడిగింది సువార్తమ్మ.
"చాలామంది అమ్మమ్మా. ఎవరికి తోచింది వాళ్ళు.
లోపలి అల్లిక అందరికీ విప్పి చూపిస్తారు.
మనం బాగుచేస్తే మళ్ళీ అందరికీ ఇస్తాం."
"ఓస్ అంతేనా!
అనాసకాయ అల్లిక మా అత్త ఎదురింటి అరుగు మీద చూసి పట్టింది.
నేనో రేకు పెంచాను.
అవతలి వీధి పిల్లలు దానికి అంచు మార్చారు.
ఎవత్తైనా డబ్బులడిగిందా?"
ఐజాక్ తల గోక్కున్నాడు.

తెలుగు వచ్చింది గానీ మొదటి రోజు ఒత్తులు ఊడిపోయి
ధనలక్ష్మి కాస్తా ధనలక్‌ష్‌మి అయింది.
ఇంకో ఫాంటు వేస్తే అతుక్కుంది.
ప్రింటరు మాత్రం ఇప్పటికీ రాజీకి రాలేదు.
ఆదివారం ప్రార్థన అయ్యాక వస్తానన్నాడు,
మూడు ఆదివారాలు గడిచాయి,
రసీదులు చేత్తోనే రాస్తున్నాను.

జూన్‌లో లాకులెత్తారు.
నీళ్ళ ముందు చెత్తా, గుర్రపుడెక్కా, ఒక చెప్పూ కొట్టుకొచ్చాయి.
ఆ మధ్యాహ్నం ఎందుకో
తెరని గుమ్మం వైపు తిప్పి పెట్టాను.
సువార్తమ్మ సూది జడలో దోపుకుని దగ్గరికొచ్చింది.
"ఇందులో నేనెక్కడ?"
చూపించాను.
గాజు మీద వేలు ఆన్చి
ముళ్ళు లెక్కపెట్టినట్టు గడి గడీ దాటుకుంటూ వెళ్ళి
మార్చి దగ్గర ఆగింది.

"పన్నెండు కాదే. పదమూడు ఇచ్చాను."

పాత చేతిపుస్తకం తీసి చూశాను.
పదమూడే.
తప్పు మాత్రం భద్రంగా అటకెక్కి, భద్రంగా దిగింది.

దిద్దాను.
తలెత్తేసరికి గుమ్మంలో
ఇంకో ముగ్గురు చెప్పులు విప్పుతున్నారు.