రాయకపోవడానికి తొమ్మిది నిమిషాలు

రాయడానికి అర నిమిషం చాలు.
రాయకపోవడానికి తొమ్మిది పడుతుంది.

శుక్రవారం, ఐదూ నలభై.
కిటికీ అవతల పలకరాళ్ల గుట్టల మీద
వేల్స్ వాన, పొద్దుటి నుంచీ ఒకటే ముసురు.
గోడ అవతల పదకొండు దగ్గులు,
చూడకుండానే పేర్లు చెప్పగలను.

హైల్వెన్ బస్సు నడిపే యూనిఫాంలోనే వచ్చింది.
ఒళ్లో మాక్సెన్, నాలుగేళ్లవాడు,
అరచేత్తో చెవి మూసుకుని
లోకం మొత్తం మీద అలిగినట్టు.
"రాత్రంతా నిద్ర లేదు డాక్టర్.
ఆ గులాబీ రంగు మందు రాసెయ్యండి,
పోయినసారి రెండ్రోజుల్లో తగ్గింది."

కాకి వాలింది, తాటిపండు రాలింది,
పేరు కాకికి దక్కిందమ్మా,
అని నోటిదాకా వచ్చి ఆగింది.
నిద్రలేని తల్లికి తర్కం చెప్పకూడదు.

చెవిలో దీపం పెట్టి చూశాను.
కర్ణభేరి ఎర్రగా ఉంది, చీము కారడం లేదు.
జ్వరం ముప్పై ఎనిమిది దాటింది, అంతే.
వాడు నా స్టెతస్కోపును ఫోను చేసుకుని
ఎవరో గొర్రెతో మాట్లాడుతున్నాడు.

నా సొరుగులో ఒక ఉత్తరం ఉంది.
చుట్టుపక్కల ఏ డాక్టరు ఎన్ని రాశారో కడ్డీల బొమ్మ.
నా కడ్డీ అందరికంటే పొడుగు.
మా ఊరి వాన వాళ్లకేం తెలుసని మొదట మండిపడ్డాను.
తర్వాత నా రాతలే తిరగేశాను:
జలుబుకొకటి, గొంతు గరగరకొకటి,
శనివారం పెళ్లిలో పాడాలన్న వాడికొకటి,
మిగతావి,
నాకే త్వరగా ఇంటికెళ్లాలనిపించిన సాయంత్రాలవి.

ఇథెల్ గుర్తొస్తాడు.
గొర్రెల కాపరి. ఒంటేలుకు పోతే మంటని
మార్చిలో వచ్చాడు.
ల్యాబు కాగితంలో మందుల పేర్ల పక్కన
పనిచెయ్యదు, పనిచెయ్యదు, పనిచెయ్యదు.
ఏడో వరుసలో గానీ ఒకటి దొరకలేదు.
అదీ ఆసుపత్రిలో, సూది గుండా, పది రోజులు,
సరిగ్గా గొర్రెలు ఈనే వేళకి.
ఆ పై ఆరు వరుసల్లో
నా సంతకాలెన్నో నాకు తెలీదు.

అందుకని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.
నొప్పికి పారాసిటమాల్ ఎంతో, ఎన్ని గంటలకో చెప్పాను.
చెవి వెనక వాచినా, మెడ బిగిసినా,
పిలిస్తే పలక్కపోయినా
అర్ధరాత్రైనా సరే ఫోన్ చెయ్యమన్నాను.
అప్పుడు ఆకుపచ్చ కాగితం మీద మందు రాసి, మడిచి,
పైన పెద్దగా సోమవారం అని పెట్టాను.
"అప్పటికీ తగ్గకపోతేనే. తగ్గితే చించెయ్."

ఆమె కాగితాన్ని చూసింది, నన్ను చూసింది.
"అంటే, నన్ను నమ్ముతున్నారా?"
గోడ అవతల ఎవరో
వాచీ చూసుకున్నట్టు గట్టిగా దగ్గారు.

తర్వాత వచ్చిన ఎమ్రిస్ మాత్రం
వట్టి చేతుల్తో వెళ్తూ తలుపు విసిరేశాడు.
వాడికి పదకొండు నిమిషాలు పట్టింది.

బుధవారం బస్సెక్కాను.
టికెట్టుతో పాటు ఆకుపచ్చ కాగితం చేతికిచ్చింది,
నాలుగు మడతలూ విప్పి.
దాని మీద మైనం రంగుల గొర్రె,
ఒంటికంటే పెద్ద చెవులు,
నా సోమవారం మీదుగా తోక.
"చించనివ్వలేదు వాడు" అంది
గేరు మారుస్తూ.