తలకిందుల ఆరు

ఒక బొట్టులో ఐదు యూనిట్లు.
రాహేలుకు పొద్దున పూట కావలసింది ఆరు.
అంటే ఒక బొట్టూ, దాని మీద ఇంకో పిసరూ.

ఆ పిసరు కోసమే
ఆటోనగర్‌లో, లారీ కమాన్లు సాగగొట్టే మోత మధ్య
రెండేళ్లుగా చెవులు రిక్కించి కూర్చున్నాను.

సుభానీది ట్రాక్టర్ బోల్టులకు అలవాటైన చెయ్యి.
"ఒక్కో అడుగుకు ఎంత జరగాలి మేడం?"
తల్లోంచి ఒక వెంట్రుక పీకి ఇచ్చాను.
"దీని మందమంత."
నవ్వలేదు.
మైక్రోమీటరు దవడల మధ్య దాన్ని పెట్టి చదివి
చెవి మీది పెన్సిల్ తీసి
గోడ మీద రాసుకున్నాడు, ఫోన్ నెంబర్ల పక్కన.

అలా పుట్టింది మా అర యూనిట్.
మర ఇంత తిరుగుతుంది, పిస్టన్ వెంట్రుకంత నడుస్తుంది,
గొట్టం చివర కనిపించీ కనిపించని తడి.

పెట్టె, అగ్గిపెట్టెకు కాస్త పెద్దన్న.
అందులో మోటారు, మందు, బ్యాటరీ, అంకెల తెర.
బెజవాడలో అద్దె కాపురంలా
ఒకరు పక్కకు ఒత్తిగిలితే తప్ప ఇంకొకరు పడుకోలేరు.
గాలి బుడగ ఒకటి మాత్రం
ఎన్నిసార్లు తరిమినా చుట్టంలా తిరిగొచ్చేది.

మొదట వాచీలా ముంజేతికి కట్టాం.
గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే చెయ్యి అది.
కారం మణికట్టు దాకా పాకింది, పట్టీ కింద మంట.
ఆమే విప్పి, వక్కాకు సంచి పక్కన
రొంటిన దోపుకుంది.
"మాకు జేబు ఇక్కడే గదమ్మా."
డిజైన్ పుస్తకాల్లో ఎక్కడా లేని జేబు.

ఇంకా ఉప్పునీళ్లే పోస్తున్నాం పెట్టెలో.
అసలు మందు ఆమె పాత సూదితోనే.
కొలత మాత్రం నిజం.

మూడో రోజు ఫోను.
"అమ్మా, ఇది తొమ్మిది చూపిస్తంది.
ఆరు గదా నాది? ఆపేశా."
లాగ్ తెరిచి చూశాను. ఆరు. నికార్సయిన ఆరు.
"నీళ్లేగా రాహేలూ, భయం లేదు" అన్నాను.
"ఇయ్యాళ నీళ్లు. రేపు?"

మధ్యాహ్నం బస్సెక్కి వెళ్లాను.
ఎర్రటి కుప్పల మధ్య, మొహానికి గుడ్డ కట్టుకుని కూర్చుని ఉంది.
పక్కనే కూలబడి
ఆమె ఎలా చూస్తుందో అలా చూశాను,
తల వంచి, పైనుంచి, నడుం వైపు.

తొమ్మిది.

ఎదుట నిలబడినవాళ్లకు ఆరు. నాకు ఆరు.
మీటింగుల్లో వేలు పెట్టి చూపించిన ప్రతివాడికీ ఆరు.
తొడుక్కున్న మనిషికి ఒక్కదానికే తొమ్మిది.

"యార్డులో కాటా కూడా ఇంతే," అంది
తొడిమ తుంచుతూనే.
"అంకెల మొఖం ఎప్పుడూ షావుకారు దిక్కే."

మిరప బస్తా మీద ల్యాప్‌టాప్ తెరిచాను.
ఏడుసార్లు తుమ్మాను.
మార్చింది ఒక్క వరుస: నూట ఎనభై డిగ్రీలు.
ఆరు గిరుక్కున తిరిగి
తన పొట్ట మీద తాను కుదురుగా కూర్చుంది.
రెండేళ్లలో మేం ఎవ్వరం
ఒక్కసారైనా దాన్ని నడుముకు పెట్టుకుని
తల వంచలేదు.

రాహేలు చూసింది. సరే అనలేదు.
"పోయింది చూపిస్తంది, బానే ఉంది.
మిగిలింది ఎంతో చూపించదా?
సాయంత్రం దాకా వస్తదో రాదో
నాకు తెలవొద్దూ?"

తిరుగు బస్సులో టికెట్ వెనక
సన్నగా ఒక గీత గీశాను, తగ్గుతూ పోయే గీత.
తెరలో దానికి చోటు లేదు.
మంగళగిరి దాటాక సుభానీకి ఫోన్ చేశాను.
"బ్యాటరీ పక్క గోడను ఇంకొంచెం పలచన చేయగలవా?"
లేతు చప్పుడు ఆగింది.
"మళ్లీ వెంట్రుకేనా మేడం?" అన్నాడు.