పేక లేని పడుగు

జిలానీ సార్ తెచ్చిన తీగె కండె
అగ్గిపెట్టెలో పట్టింది.
వెంట్రుకను నిలువునా చీరితే ఎంతో
అంత సన్నం. ఇత్తడి కాదు, వెండి కాదు,
బల్బులో ఎర్రగా కాలే రకమంట.

"అచ్చు అతికే చెయ్యి కావల్ల" అన్నాడు.
ఉరవకొండలో నా వేళ్ళు తగలని మగ్గం తక్కువ.
పాత కొసకు కొత్త కొస, బూడిద అద్ది మెలిపెట్టి
నాలుగు వేల పోగులు
పొద్దు గూకేలోగా దించుతా.
"పడుగు చాలు. పేక వద్దు."
పేక లేకపోతే గుడ్డెట్లయితాది సార్?
"గుడ్డ కాదు. జల్లెడ. వెలుగును జల్లించేది."

చుక్క ఒక్కటీ పుట్టకముందు
బయల్దేరిన వెలుగు ఒకటుందంట.
నడిచి నడిచి వేడంతా ఆరిపోయి
కంటికి ఆనకుండా
అన్ని దిక్కులనుంచీ ఇప్పటికీ రాలుతానే ఉందంట,
నా మగ్గం గుంతలోకి కూడా.
కడాకు దేన్ని తాకి వచ్చిందో
ఆ తాకిడికి ఒక పక్కకు మొగ్గిందంట.
నిలువుకో, అడ్డానికో, ఏటవాలుకో.
ఎంత మొగ్గు?
"పది లక్షల్లో ఒక పాలు."
ఆ మొగ్గులన్నీ కలిపి చూస్తే
యాడన్నా సుడి తిరిగినట్టుంటుందా అని
మంచు కొండల మీద ఎవరో రేయంతా కాపలా.
వాళ్ళ యంత్రానికి
ఏది నిలువో చెప్పేది మా చట్రం.

ఆరు వందల పన్నెండు తీగెలు.
ఫ్యాను ఆపి, కిటికీకి గోనె కట్టి
కోడి కూయకముందే కూర్చున్నాం, నేనూ సుంకమ్మా.
ఊపిరి కూడా పక్కకు తిరిగి ఇడిచినాం.
ఎండెక్కేసరికి చట్రం సాగింది,
అతుకు జారి యాడనో ఒకటి వదులైంది.
సార్ భూతద్దం పెట్టి మధ్యాహ్నం దాకా వెతికినాడు.
నేను కండ్లు మూసుకోని
గోరు ఆనించి గీసుకుంటా పోయినా.
ణింగు, ణింగు, ణింగు,
ఒకచోట మూగది.
నాలుగు వందల ఏడు. "ఇదే సార్" అన్నా.
ఆయన భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సొసైటీలో వన్నూరప్ప రిజిస్టరు తెరిచి
ఎన్ని మూరలు అన్నాడు.
మూరలు లేవు.
బుటా, అంచు, కొంగు?
అవీ లేవు.
ఎగాదిగా చూసి
"పడుగు ఒకటి, పేక లేదు" అని రాసి
కూలి దగ్గర సున్నా చుట్టబోతే
చెయ్యి పట్టుకున్నా.

రెండేండ్లకు మళ్ళొచ్చినాడు జిలానీ సార్.
గడ్డం నెరిసింది.
సుడి కనపడిందా అంటే తల అడ్డంగా ఊపినాడు.
ఆకాశంలోనూ దుమ్మేనంట.
చుక్కల నడుమ తేలే దుమ్ము కూడా
అట్లాంటి మొగ్గున్న వెలుగే ఇస్తాదంట,
ఏది పుట్టుక నాటిదో, ఏది నిన్నటి దుమ్మో
తేల్చుకోలేకుండారంట.
ఉరవకొండ ఆడదానికి దుమ్ము గురించి చెప్తావా సార్,
గాలిమరలు తిరిగినపుడల్లా
మా సంగటి ముద్దలోకి వచ్చేది అదే కదా
అని నవ్వినా. ఆయన నవ్వలేదు.

మా చట్రం?
"అది తప్పలేదు. సుడి ఉన్నా ఇంతకంటే పెద్దది కాదని
గట్టిగా చెప్పగలిగింది దాని బలంతోనే."
లేనిదాన్ని లేదనేదానికి కూడా
ఇంత నిక్కచ్చి కావల్లనా అనుకుంటా
టీ గ్లాసులు కడిగినా.

రేపు మిరపపండు రంగు పడుగొకటి అతకల్ల.
డబ్బాలో బూడిద అయిపోయింది.
సుంకమ్మ పొయ్యి ఎప్పుడో రాత్రే ఆరింది గానీ
అడుగుదాకా చెయ్యి పెడితే
ఇంకా గోరువెచ్చన.
కొంగులో పోసుకున్నా.