కాకిబంగారం మీద పాలకూర

కలకత్తా నుంచి రావాల్సిన మైకా బిళ్ళలు
మూడు వారాలైనా రాలేదు.
స్టోన్‌హౌస్‌పేట బజార్లో బేరమాడి కొన్న పాలకూర
మిక్సీలో నలిగి, మంచులో తిరిగి, వడబోసుకుని
చిటికెన వేలంత గొట్టంలోకి దిగి కూర్చుంది.
రెండు రోజులకు మించి ఆగదు.

"మైకానా మేడం?" అన్నాడు అటెండరు పెంచలయ్య,
"మా సైదాపురంలో దోవెంబడి పడుంటాది గదా కాకిబంగారం."
మర్నాడు టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో
పాతగుడ్డ చుట్టిన పెళ్ళ ఒకటి వచ్చింది,
దాని వెనకాలే వాళ్ళమ్మ.

రావమ్మ. పద్దెనిమిదేళ్ళు గోడౌన్లో చాప మీద కూర్చుని
అభ్రకం చీల్చిన చెయ్యి.
బొటనవేలి గోరు సగానికి అరిగిపోయి
మళ్ళీ పెరగడం మర్చిపోయింది.
చీల్చిన రేకులు ఎటు పోయేవో
ఆమెకు ఎవరూ సరిగ్గా చెప్పలేదట:
ఇస్త్రీ పెట్టెలోకన్నారు, రేడియోలోకన్నారు,
ఓడెక్కి పోయాయన్నారు.

నేను సెల్లోటేపు అంటించి లాగి చూపించాను,
నాకు నేర్పినట్టే.
"అట్టా పీకితే మెట్లు పడతాయమ్మా."
అంచున కత్తి మొన ఆనించి
వేడి చాయ మీద ఊదినట్టు ఊదింది.
పెళ్ళ తనంతట తానే రెండయింది.

సూది కింద పెట్టి చూశాను.
పది మైక్రాన్ల మేర ఒక్క మెట్టు లేదు.
గాలి లేని తెల్లారుజామున
ఇసకపల్లి ఉప్పుమళ్ళలో నీళ్ళుంటాయే,
అంత చదును.

దాని మీద ఒక చుక్క:
కొవ్వు బుడగలు, వాటి ఒంట్లో పాలకూర ప్రోటీన్లు.
బుడగలు ఒక్కోటే పగిలి పరుచుకుని
రెండు అణువుల మందాన పొరయింది.
ఆకు కాదు.
ఆకు లేనిచోట ఆకు కోసం వేసిన పందిరి.

పగలు కుదరదు.
కృష్ణపట్నం రేవు నుంచి వచ్చే ప్రతి బొగ్గు లారీ
బొమ్మలో ఒక గీత గీసి పోతుంది.
రాత్రి రెండు దాటాక, ఏసీ కట్టేసి, చెమటలో తడుస్తూ,
సూదిని పొర మీద నడిపించాను.
కరెంటు పోయిన ఇంట్లో
పెట్టెలో చీరల అంచులు తడిమి
ఇది వెంకటగిరిది అని చెప్పే చెయ్యిలా నడిచిందది.
తెర మీద చిన్న చిన్న బొడిపెలు లేచాయి.

తర్వాత నీలం లేజరు.
మూడు చోట్ల ఎర్రగా భగ్గుమంది.
నేను వేసిన కేకకి పెంచలయ్య వచ్చాడు,
ఆఖరి బస్సు తప్పి వరండాలో పడుకున్న తల్లిని లేపుకుని.

"ఎర్రగా ఉండేదేనా నీ పాలకూర?"
అవునన్నాను.
అన్నాక నాలిక కరుచుకున్నాను.

ఎర్రగా వెలిగేది ఒంటరి ప్రోటీను.
పట్టిన వెలుతురు అందించడానికి పక్కన ఎవరూ లేక
బయటికి ఒలకబోసుకుంటోంది.
ఒకదాన్నొకటి ఒరుసుకుని గుంపుగా ఉన్నచోట
ఒక చేతి గంప ఇంకో చేతిలోకి మారినట్టు
లోలోపలే మారిపోయి
చూసే కంటికి ఏమీ మిగలదు.

ఇదంతా ఆమెకు ఎలా చెప్పానో, ఎంత చెప్పానో.
అరిగిన ఆ బొటనవేలు తెర మీద ఎరుపుని దాటి
నల్లటి చోట ఆగింది.
"అయితే పని ఈడ జరగతా ఉండాది."

ఉండొచ్చు.
ఖాళీగా ఉన్నా నల్లగానే ఉంటుంది కదమ్మా,
తేల్చుకోవాలి, అన్నాను.
"తేల్చుకో" అని గోడకి ఆనుకుంది.

సూది గీసిన బొమ్మని లేజరు బొమ్మ మీద పరిచి
మూలలు కలిపేసరికి నాలుగున్నర.
నల్లటి చోట బొడిపెలు కిక్కిరిసి ఉన్నాయి.
చెబుదామని తిరిగితే
ఆమె నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

సింకు పక్కన, గుడ్డలో, మిగిలిన పెళ్ళ.
ఇంకెన్ని పొరలున్నాయో
పెంచలయ్య అంచు మీద గోటితో లెక్కపెట్టబోయి
ఎందుకో మానేశాడు.

రోడ్డు మీద మొదటి లారీ.
తెర మీద గీత పడింది.